ముందు రిమూవ్ నొక్కకు తల్లీ

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏదో మాట్లాడుతూ మధ్యలో నీ సంగతి చెప్పింది. మీ ఆఫీసులో అందరి బ్రౌజర్లలో తగిలించి ఉన్న ఆ చిన్న ప్రోగ్రాం, ఆ యాడ్‌ఆన్ వల్లే కంప్యూటర్లు మూలుగుతున్నాయని మీటింగులో అన్నావట, అది రాసినతను ఎప్పుడో మానేసి వెళ్ళిపోయాడట, మరి ఎవరు చూస్తారంటే నేను చూస్తానని నువ్వే అన్నావట. సోమవారానికల్లా తేల్చేస్తానని మాట కూడా ఇచ్చేశావట. "దానికి ధైర్యం ఎక్కువరా, నీలాగే" అంది మీ అమ్మ. నీలాగే అన్న మాట దగ్గర ఆమె గొంతు కొంచెం మారింది. ఎందుకు మారిందో నీకు తెలీదు, అప్పటికి నువ్వింకా స్కూల్లో ఉన్నావు. ఈ ఉత్తరం సగం అందుకే రాస్తున్నా.

సంతోషంగానే ఉంది, అది ముందు చెప్పాలి. ఎవరో రాసి వదిలేసిన కోడ్‌లో చెయ్యి పెట్టడానికి నా వయసువాళ్ళే జంకుతారు. స్క్రిప్టులో తప్పు నీకు దొరకదేమోనని నాకు బెంగ లేదు, దొరుకుతుంది. నా భయమల్లా అది దొరికేలోపు హడావిడిలో నువ్వు ఏం నొక్కుతావోనని.

సరే, నీకు తెలిసినవి గబగబా చెప్పేసి ముందుకు పోతా. విండోస్‌లోనో లినక్స్‌లోనో అయితే క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, సీపీయూ, అంటే ప్రాసెసర్‌ని ఎంత వాడుతోందన్న కాలమ్ మీద నొక్కితే ఎక్కువ తింటున్నది పైకొస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో ప్రాసెసెస్ పేజీ అదే పని చేస్తుంది. విండోస్ టాస్క్ మేనేజర్ క్రోమ్ ఎక్కువ తింటోంది అని చెప్తుంది గానీ అందులో ఏ ట్యాబో, ఏ యాడ్‌ఆనో చెప్పదు, అక్కడ టైమ్ వేస్ట్ చేసుకోకు. జీపీయూ, అంటే బొమ్మలు గీసే చిప్, దాని ప్రాసెస్ పైన కనిపిస్తే అది వేరే కథ, వీడియోదో యానిమేషన్‌దో అయ్యుంటుంది.

శాతాల దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగు. ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లున్న మెషిన్‌లో ఒక స్క్రిప్ట్ ఒక కోర్‌ని, అంటే ప్రాసెసర్‌లో ఒక భాగాన్ని, పూర్తిగా మింగేస్తుంటే విండోస్ దాన్ని 12 శాతమో 13 శాతమో అని చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ వంద అంటే అన్ని కోర్లూ కలిపి. అదే లినక్స్‌లో టాప్ కమాండ్‌లోనూ మ్యాక్ యాక్టివిటీ మానిటర్‌లోనూ ఒక్క కోర్ నిండితే వంద. ఒకతను 13 అంటాడు, ఇంకొకామె 100 అంటుంది, ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఎవరైనా వచ్చి "పదమూడే కదండీ, ఎక్కువేం కాదు" అంటే తలూపి వదిలెయ్యకు. మౌస్ కూడా కదపకుండా వదిలేసిన పేజీ సున్నాకి దగ్గర్లో ఉండాలి. కదలని పేజీ నిలకడగా 13 దగ్గర కూర్చుందంటే లోపల ఏదో ఆగకుండా తిరుగుతోందనే అర్థం.

ఇప్పుడు అసలు చిక్కు. నువ్వు టాస్క్ మేనేజర్ తెరవగానే 'ఎక్స్‌టెన్షన్' (యాడ్‌ఆన్‌కే ఇంకో పేరు) అని రాసి ఉన్న వరస కోసం వెతుకుతావు. మీ యాడ్‌ఆన్ పేరు కనబడుతుంది, పక్కన సున్నా ఉంటుంది. పైన ఏదో మామూలు ట్యాబ్ 98 తింటూ ఉంటుంది. అప్పుడు ఎవరికైనా అనిపించేది ఒకటే, పాపం యాడ్‌ఆన్‌ది తప్పేం లేదు, ఆ వెబ్‌సైటే చెత్తగా రాశారు అని. అక్కడే చాలామంది దారి తప్పుతారు. ఎక్స్‌టెన్షన్‌కి రెండు ఒళ్ళుంటాయి. ఒకటి వెనకాల ఉండే బ్యాక్‌గ్రౌండ్ భాగం, దానికి సొంత ప్రాసెస్ ఉంటుంది. రెండోది కంటెంట్ స్క్రిప్ట్, అది పేజీ లోపలికి దూరి ఆ పేజీ ప్రాసెస్‌లోనే నడుస్తుంది, కాబట్టి అది తిన్న సీపీయూ అంతా ఆ ట్యాబ్ ఖాతాలో పడుతుంది. తిన్నది ఒకడు, బిల్లు ఇంకొకడి పేరు మీద. యాడ్‌ఆన్లు రాయడానికి వచ్చిన కొత్త పద్ధతి, ఈ మేనిఫెస్ట్ వీ3 వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ భాగం సర్వీస్ వర్కర్ అయిపోయింది, 30 సెకన్లు పనిలేకపోతే పడుకుంటుంది, కాబట్టి ఆ వరస ఇంకా అమాయకంగా కనిపిస్తుంది. 'సబ్‌ఫ్రేమ్' అని కనిపించేవి కూడా వదలకు, పేజీలో ఇరికించిన ప్రతి ఫ్రేమ్‌లోకీ స్క్రిప్ట్ దూరుతుంటే పది ఫ్రేములున్న పేజీలో అది పదిసార్లు నడుస్తుంది.

ఇదంతా ఇప్పుడు ఇంత తీరిగ్గా చెప్తున్నా గానీ 2016లో నాకు ఇందులో సగం తెలీదు. సగం తెలిసినవాడి ధీమా మాత్రం పూర్తిగా ఉండేది.

అప్పుడు మీ అమ్మ థీసిస్ రాస్తోంది. నీకు గుర్తుందో లేదో, హాల్లో మూలన టేబుల్ మీద ల్యాప్‌టాప్, పక్కన కాగితాలు, నిన్ను ఆ టేబుల్ దగ్గరికి రానిచ్చేది కాదు. ఒకరోజు నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, దీని ఫ్యాన్ మోత భరించలేకపోతున్నా, ఒడిలో పెట్టుకుంటే కాలుతోంది" అంది. నేను పెద్ద డాక్టర్‌లా వచ్చాను. టాస్క్ మేనేజర్ తెరిచాను. ఆమె ఎప్పుడూ తెరిచి ఉంచే మెసేజుల పేజీ ట్యాబ్ 98 తింటోంది. యాడ్‌ఆన్లు పదకొండు ఉన్నాయి, ఏదీ పెద్దగా తినడం లేదు. అయినా అనుమానం వచ్చి, ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయాను. ఒకటి ఆపడం, మోత వినడం. ఇంకోటి ఆపడం, మోత వినడం. పదకొండూ ఆపేశా, ఫ్యాన్ అలాగే ఉంది. "యాడ్‌ఆన్లది కాదక్కా" అని తీర్పు చెప్పేశా.

ఎక్కడ తప్పానో కనిపెట్టావా? ట్యాబ్ రీలోడ్ చెయ్యలేదు. యాడ్‌ఆన్ ఆపితే, ఇకమీదట తెరిచే పేజీల్లోకి అది దూరకుండా ఆగుతుంది, అంతే. అప్పటికే తెరిచి ఉన్న పేజీలోకి దూరిన స్క్రిప్ట్ క్రోమ్‌లో అలాగే నడుస్తూ ఉంటుంది. దానికి తల్లి లేదు, ఇల్లు లేదు, అయినా తిరుగుతూనే ఉంటుంది, పేజీని రీలోడ్ చేసేదాకానో మూసేదాకానో. ఇది ఎవరూ చెప్పలేదు నాకు. నేను పదకొండు సార్లు పరీక్ష పెట్టి పదకొండు సార్లూ ఒకే తప్పు జవాబు తెచ్చుకున్నా, పైగా పదకొండుసార్లు చూశాను కాబట్టి ఇక డౌటే లేదనుకున్నా.

దానికి తోడు ఇంకో తమాషా. వేరే ట్యాబ్‌కి మారితే మోత తగ్గేది. మళ్ళీ మెసేజుల పేజీకి వస్తే రెండు నిమిషాల్లో పెరిగేది. వెనక్కి వెళ్ళిన ట్యాబ్‌లో టైమర్లని బ్రౌజర్ సెకనుకి ఒక్కసారికి కట్టేస్తుంది, అందుకని తగ్గేది. నేనేమో ఆ పేజీలో బొమ్మలు ఎక్కువ, అందుకే వేడెక్కుతోంది, ఫ్యాన్‌లో దుమ్ము ఉంది కాబట్టి తట్టుకోలేకపోతోంది అని ఒక సిద్ధాంతం అల్లాను. ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టి మరలు విప్పి, దుమ్ము ఊది, మళ్ళీ బిగించా. ఒక మర మిగిలింది కూడా, అది ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది.

మోత తగ్గలేదు. రాత్రి పదకొండయింది. మీ అమ్మ నిద్రకి వెళ్ళిపోయింది. నాకు పంతం. ఇక బ్రౌజర్‌ని శుభ్రంగా చేసేద్దాం అనుకుని ఆపేసి ఉన్న ఆ పదకొండు యాడ్‌ఆన్ల మీదా వరసగా రిమూవ్, రిమూవ్, రిమూవ్ అని నొక్కుకుంటూ పోయా. ప్రతిసారీ "నిజంగా తీసేయాలా" అని అది అడిగింది, ప్రతిసారీ చదవకుండానే అవునన్నా. బ్రౌజర్ మూసి తెరిచా. నిశ్శబ్దం. ఫ్యాన్ ఉందా లేదా అన్నట్టుంది. ఎంత మురిసిపోయానో చెప్పలేను తల్లీ, నిద్రపోతున్న మనిషిని లేపి చూపిద్దామా అనుకున్నా.

పొద్దున్న మీ అమ్మ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మోత తగ్గిందిరా. నా నోట్సేవి?" అంది.

ఆ పదకొండిట్లో ఒకటి నోట్స్ రాసుకునే యాడ్‌ఆన్. చదివే పేజీ పక్కనే చిన్న గడి తెరుచుకుంటుంది, అందులో రాసుకుంటుంది. ఆరు నెలలుగా చదివిన ప్రతి కాగితం మీదా ఆమె అనుకున్నదంతా అందులోనే ఉంది. యాడ్‌ఆన్ తన దగ్గర దాచుకున్న డేటా, ఆపితే పోదు, తీసేస్తే పోతుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే ఖాళీ గడి వచ్చింది. ఏ ఫోల్డర్‌లోనూ లేదు, ఎక్కడికీ సింక్ కాలేదు, నేను మూడు రోజులు ఏవేవో రికవరీ టూల్స్ పెట్టి తవ్వాను, ముక్కలు ముక్కలుగా కొన్ని వాక్యాలు దొరికాయి, అవి చూస్తే ఏడుపొచ్చింది తప్ప పనికి రాలేదు. ఆమె ఒక్క మాట అనలేదు. మళ్ళీ మొదటి కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. థీసిస్ ఏడాది ఆలస్యమైంది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ పదకొండిట్లో యూజర్‌స్క్రిప్టులు, అంటే మనమే రాసి పేజీల్లోకి దూర్చుకునే బుల్లి కోడ్లు, నడిపే యాడ్‌ఆన్ కూడా ఒకటి ఉండేది. అందులో నేనే రాసిచ్చిన ఒక బుల్లి స్క్రిప్ట్. మెసేజుల పక్కన గంటలు నిమిషాలు ఉంటే మీ అమ్మకి చిరాకు, "3 నిమిషాల క్రితం" అని రావాలంది, రాసిచ్చా. నాలుగు రోజుల తర్వాత, కనీసం ఇదన్నా తిరిగి పెడదామని నా దగ్గరున్న కాపీ తెచ్చి పెట్టా. అయిదు నిమిషాల్లో ఫ్యాన్ మొదలైంది.

నా స్క్రిప్టే. మొదటి నుంచీ నా స్క్రిప్టే. దానికి నా దగ్గర కాపీ ఉంది, ఆమె నోట్సుకి ఎక్కడా లేదు.

తప్పు ఏంటో కూడా విను, మీ యాడ్‌ఆన్‌లోనూ ఇలాంటిదే ఉంటుందని నా అనుమానం. పేజీలో కొత్త మెసేజ్ వస్తే తెలియడానికి మ్యుటేషన్ అబ్జర్వర్ పెట్టా. పేజీలో ఏం మారినా అది నన్ను పిలుస్తుంది. పిలవగానే సెట్‌టైమౌట్ సున్నాతో, అంటే వెంటనే మోగే టైమర్‌తో, ఒక పని పెట్టా, ఆ పని పేజీ అంతా వెతికి ప్రతి టైమ్‌నీ మార్చి రాస్తుంది. రాయడమంటే పేజీ మారడమే కదా, అబ్జర్వర్ మళ్ళీ పిలుస్తుంది, మళ్ళీ రాస్తుంది. "3 నిమిషాల క్రితం" ఉన్నచోట అదే "3 నిమిషాల క్రితం" రాస్తున్నాం కాబట్టి మారినట్టు కాదులే అనుకున్నా. కాదు. పేజీలో మాటలు రాసే టెక్స్ట్‌కంటెంట్‌కి అదే మాట మళ్ళీ ఇచ్చినా లోపలున్న పాత టెక్స్ట్ నోడ్ పోయి కొత్తది వస్తుంది, అబ్జర్వర్‌కి అది మార్పే. కన్సోల్‌లో లెక్కపెడితే పది సెకన్లలో వెయ్యి దాటింది. తన తోక తనే తరుముకునే కుక్క.

ఇంకో మాట, ఇది తెలిస్తే నీకు సగం వెతుకులాట తప్పుతుంది. అబ్జర్వర్ లోపలే నేరుగా రాసేసి ఉంటే ఆ పిలుపులు మైక్రోటాస్కులుగా, అంటే బ్రౌజర్‌కి మధ్యలో సందివ్వని పనులుగా, ఒకదాని వెనక ఒకటి వచ్చి పేజీ బిగుసుకుపోయేది, ఏదీ నొక్కలేం, ఎవరైనా మొదటి రోజే పట్టుకునేవాళ్ళు. మధ్యలో టైమర్ ఉండబట్టి పేజీకి ఊపిరి ఆడింది. స్క్రోల్ అవుతుంది, టైప్ అవుతుంది, లోపల మాత్రం కోర్ కాలిపోతూ ఉంటుంది. మీ ఆఫీసులో జనం హ్యాంగ్ అవుతోంది అంటున్నారా, వేడెక్కుతోంది అంటున్నారా? రెండోదైతే టైమర్, ఫెచ్ లాంటిది మధ్యలో ఉన్న చోటు ముందు చూడు.

కాబట్టి శనివారం పొద్దున్న నువ్వు చేసే మొదటి పని పరీక్ష కాదు, కాపీ. ఎవరి మెషిన్ మీద కూర్చుంటావో వాళ్ళ బ్రౌజర్ పూర్తిగా మూసేసి, ప్రొఫైల్ ఫోల్డర్, అంటే బ్రౌజర్ ఆ మనిషివన్నీ దాచుకునే చోటు, మొత్తం కాపీ చెయ్యి. క్రోమ్ వెర్షన్ పేజీలో 'ప్రొఫైల్ పాత్' అని దాని అడ్రస్ ఉంటుంది. ఆ మెషిన్ వాడే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళకి చెప్పి చెయ్యి, ఎందుకంటే అందులో కుకీలు, లాగిన్లు అన్నీ ఉంటాయి, పని అయ్యాక వాళ్ళ ముందే ఆ కాపీ తీసెయ్యి. మనిషిని పక్కన ఉంచుకోవడానికి ఇంకో కారణం, ఏ యాడ్‌ఆన్‌లో ఏం దాచుకున్నారో వాళ్ళకే తెలుసు. నోరు తెరిచి అడుగు. "ఇందులో మీవేమన్నా ఉన్నాయా" అని. ఆ ఒక్క ప్రశ్న నేను అడిగి ఉంటే మీ అమ్మ ఏడాది ముందు డాక్టరేట్ అయ్యేది. అర్ధరాత్రి ఒంటరిగా ఎవరి ల్యాప్‌టాప్ ముందూ కూర్చోకు, అలసిపోయిన చెయ్యి చదవకుండా అవును నొక్కుతుంది. ఇది తిట్టు అనుకున్నా సరే.

రిమూవ్ అసలు వద్దు. ఆపడం మీటతోనే మొత్తం పని అవుతుంది. ఆపు, ట్యాబ్ రీలోడ్ చెయ్యి, మౌస్ వదిలేసి ఒక నిమిషం చూడు. రీలోడ్ అన్న మాట చేతి మీద రాసుకో కావాలంటే. పదహారు యాడ్‌ఆన్లుంటే పదహారు సార్లు కూడా అక్కర్లేదు, సగం ఆపి సగం ఉంచు, మోత ఏ సగంలో ఉందో దాన్ని మళ్ళీ సగం చెయ్యి, నాలుగు రౌండ్లలో ఒకటి మిగులుతుంది. కొన్నిసార్లు రెండు యాడ్‌ఆన్లు ఒకే పేజీలో ఒకదాని రాత ఒకటి చెరుపుకుంటూ పోట్లాడతాయి, అప్పుడు ఈ సగాల లెక్క కుదరదు, ఏ సగంలోనూ మోత రాదు. అలా జరిగితే నీ మతిపోయిందనుకోకు, అది రెండింటి గొడవ అని గుర్తుపట్టు.

ఇన్‌కాగ్నిటోలో చూస్తే చాలదా అంటావేమో. అక్కడ యాడ్‌ఆన్లు మామూలుగా నడవవు, నిజమే, కానీ లాగిన్ కూడా ఉండదు, లాగిన్ లేని పేజీ వేరే పేజీ. కొత్త ప్రొఫైల్ తెరిచి, లాగిన్ అయ్యి, మీ యాడ్‌ఆన్ ఒక్కటే పెట్టి చూడు. అదే పేజీ, అదే లాగిన్, తేడా ఒక్కటే ఉండాలి. ఫైర్‌ఫాక్స్ వాళ్ళకి యాడ్‌ఆన్లు ఆపేసి తెరిచే ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది, దాంతో మొదలుపెట్టొచ్చు.

ఏదో తేలాక డెవలపర్ టూల్స్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి పోయి ఒక అయిదు సెకన్లు రికార్డ్ చెయ్యి. ఎక్కువ వద్దు, మెషిన్ ముందే అలసిపోయి ఉంది. పసుపు అంతా స్క్రిప్ట్, ఊదా రంగు లేఅవుట్ పని, ఆకుపచ్చ పెయింటింగ్. 50 మిల్లీసెకన్లు దాటిన పనిని లాంగ్ టాస్క్ అని ఎర్రగా గుర్తు పెడుతుంది. బాటమ్-అప్ అన్నచోట సెల్ఫ్ టైమ్ ప్రకారం పేర్చితే ఎవరు తింటున్నారో పేరుతో సహా వస్తుంది. ఎక్స్‌టెన్షన్ కోడ్ అయితే ఫైల్ అడ్రస్‌లో 32 అక్షరాల ఐడీ ఉంటుంది, యాడ్‌ఆన్ల పేజీలో డెవలపర్ మోడ్ పెట్టి ఆ ఐడీ ఎవరిదో సరిచూసుకో. పైన కనిపించింది క్వెరీసెలెక్టర్‌ఆల్ లాంటి బ్రౌజర్ సొంత ఫంక్షన్ అయితే దాన్ని తిట్టకు, విప్పి చూడు, దాన్ని అన్నిసార్లు పిలుస్తున్నవాడు కింద ఉంటాడు. ఒకటి గుర్తుంచుకో, డెవలపర్ టూల్స్ తెరిచి ఉంటే అదే కొంత తింటుంది, కాబట్టి బాగుపడిందా లేదా అన్న చివరి కొలత అది మూసేసి తీసుకో.

స్క్రిప్ట్ లోపల ఏం చూడాలో నీకు నేర్పేంతవాణ్ణి కాదు ఇప్పుడు, అయినా నోరూరుకోదు. అబ్జర్వర్ బాడీ మొత్తాన్ని చూస్తోందా, లేక అవసరమైన ఒక్క డబ్బానా? రాసే ముందు ఉన్నదీ రాయబోయేదీ ఒకటేనా అని పోల్చుకుంటోందా? నా స్క్రిప్టుకి ఆ ఒక్క 'ఇఫ్' పెట్టగానే నిమిషానికోసారి తప్ప నోరు మెదపలేదు. రాసేటప్పుడు డిస్‌కనెక్ట్ చేసి, రాశాక మళ్ళీ అబ్జర్వ్ పెట్టడం ఇంకో దారి, నాకు మాత్రం పోల్చి చూడటమే ఇష్టం, ఎందుకంటే అది వేరేవాళ్ళ యాడ్‌ఆన్ వల్ల వచ్చే గొడవని కూడా తగ్గిస్తుంది. సెట్‌ఇంటర్వల్ పదో ఇరవయ్యో మిల్లీసెకన్లకి పెట్టి పేజీలో బటన్ వచ్చిందా రాలేదా అని అడుగుతూ, బటన్ వచ్చాక కూడా ఆపడం మర్చిపోయిన కోడ్ నేను లెక్కలేనన్ని చూశా. ప్రతి సైట్‌లోనూ నడవమని మ్యాచ్‌లో స్టార్ గుర్తులు పెట్టి వదిలేసినవి, ఫ్రేములన్నిట్లోకీ దూరేవి సరేసరి. యూజర్‌స్క్రిప్ట్ అయితే నోఫ్రేమ్స్ అని ఒక్క లైన్ చాలు. ఒక ఎలిమెంట్ ఎత్తు అడగడం, స్టైల్ మార్చడం, మళ్ళీ ఇంకోదాని ఎత్తు అడగడం అని లూప్‌లో పెడితే ప్రతిసారీ లేఅవుట్ లెక్క మొదటికొస్తుంది, అప్పుడు రికార్డింగ్‌లో ఊదా రంగు ఎక్కువ కనిపిస్తుంది. అడిగేవన్నీ ముందు అడిగేసి తర్వాత మార్చాలి.

ఎవరో ఒకరు నీకు చెప్తారు, ఇది కాయిన్ మైనింగేమో, అంటే మన ప్రాసెసర్‌తో ఎవరో డిజిటల్ డబ్బు తవ్వుకుంటున్నారేమో అని. ఆ మాట ఊరికే పుట్టలేదు. 2017 సెప్టెంబర్‌లో కాయిన్‌హైవ్ అనే మైనింగ్ సర్వీస్ వచ్చాక పేజీల్లోనూ యాడ్‌ఆన్లలోనూ మైనర్లు దూర్చి జనం సీపీయూ వాడుకున్నారు, 2018 ఏప్రిల్‌లో గూగుల్ తన స్టోర్‌లో మైనింగ్ ఎక్స్‌టెన్షన్లని వద్దంది, 2019 మార్చిలో కాయిన్‌హైవే మూతపడింది. చేతులు మారిన యాడ్‌ఆన్లు చెడిపోవడమూ ఉంది, ట్యాబులని పడుకోబెట్టి మెమరీ ఆదా చేసే గ్రేట్ సస్పెండర్‌ని లక్షలమంది నమ్మారు, 2020లో అది వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది, 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ ఆపేసింది. కాబట్టి మీ స్క్రిప్ట్ బయట ఏ అడ్రస్‌లకి ఫోన్ చేస్తోందో నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఒకసారి చూడు. చూడు గానీ అక్కణ్ణుంచే మొదలుపెట్టకు. నేను చూసినవాటిలో దొంగతనం కంటే మతిమరుపే ఎక్కువ. నా స్క్రిప్ట్‌ని ఎవరైనా చూసి ఉంటే వీడెవడో దొంగ అనే అనుకునేవాళ్ళు.

అది రాసి వెళ్ళిపోయినతన్ని మీటింగులో ఒక్క మాట అనకు. అతను రాసినప్పుడు ఆ పేజీ చిన్నదై ఉంటుంది, నిమిషానికి ఒకసారి మారేదై ఉంటుంది. తర్వాత పేజీ మారింది, స్క్రిప్ట్ మారలేదు. ఏ లైన్ ఎందుకు తిరుగుతోందో చూపించు, చాలు. నా పేరు కూడా ఎన్ని కోడ్లలో మిగిలి ఉందో నాకే తెలీదు.

బాగుచేశాక పంపేటప్పుడు కూడా అదే రీలోడ్ దెయ్యం మళ్ళీ ఎదురొస్తుంది, మర్చిపోకు. కొత్త వెర్షన్ అందరి బ్రౌజర్లలోకీ వెళ్తుంది, కానీ శుక్రవారం నుంచి తెరిచే ఉన్న ట్యాబుల్లో పాత స్క్రిప్టే తిరుగుతుంటుంది. సోమవారం పొద్దున్న జనం వచ్చి "ఏం మారలేదమ్మా" అంటారు. అప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందో నాకు ఇప్పుడే కనిపిస్తోంది, చిన్నప్పుడు సైకిల్ చైన్ సరిచేశానని చెప్పి రెండడుగులు వేయగానే ఊడిపోతే పెట్టావే, అలా. అందుకని ముందే అందరికీ ఒక లైన్ రాసి పెట్టు, ట్యాబులన్నీ మూసి బ్రౌజర్ మళ్ళీ తెరవండి అని. ఒకేసారి అందరికీ పంపకు, ఇద్దరు ముగ్గురికి పంపి ఒక పూట చూడు. పాత వెర్షన్ ఒక పక్కన జాగ్రత్తగా ఉంచు. యాడ్‌ఆన్‌ని తీసి మళ్ళీ పెట్టుకోండి అని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వకు, ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు.

మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు. చూపించినా ఏమీ అనదులే, నోట్సు సంగతి ఆమె మర్చిపోయాననే అంటుంది ఎప్పుడూ. కానీ ఇప్పటికీ ఏదన్నా రాసుకుంటే మూడు చోట్ల దాచుకుంటుంది, ఒకటి కాగితం మీద. నువ్వు గమనించే ఉంటావు, ఎందుకో తెలిసి ఉండదు.

రికార్డింగ్ సేవ్ చేసి నాకు పంపమందామనుకున్నా, చూడాలని ఉబలాటంగా ఉంది. కానీ అందులో మీ ఆఫీసు పేజీల అడ్రసులు ఉంటాయి, బయటికి రాకూడదు. పంపకు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి నోటితో చెప్పు చాలు, ఏ ఫంక్షన్, ఎన్నిసార్లు తిరిగింది, ఏం పెడితే ఆగింది. దొరక్కపోయినా చెయ్యి. తొమ్మిది దాటాక చేస్తే మాత్రం ముందు ల్యాప్‌టాప్ మూసేశావా అనే అడుగుతా.

మావయ్య